వైద్యవిద్య - పోటీ రోయింగ్

వైద్యవిద్యను అభ్యసిస్తూ ఉన్నతస్థాయి రోయింగ్ పోటీలలో పాల్గొనడం క్రీడారంగంలో అరుదైన విషయం. రోయింగ్ అనగా తెడ్లతో సన్నని పడవను నడిపే పందెం. విద్య, క్రీడ రెండూ ఒకే వయసులో, అంటే సుమారు 18 నుండి 28 సంవత్సరాల మధ్య, పూర్తి సమయాన్ని కోరుతాయి. ఈ రెండింటినీ సాధించినవారి జీవితాలను గమనిస్తే, పట్టుదలతో పాటు చదువుకు విరామం దొరకడం కూడా ముఖ్యమని తెలుస్తుంది.

ప్రధాన సమస్య

ఒలింపిక్ రోయింగ్ పందెం దూరం 2000 మీటర్లు. ఇది సాధారణంగా 6 నుండి 8 నిమిషాలలో ముగుస్తుంది. అయితే దానికి సంవత్సరం పొడవునా సాధన అవసరం. జట్టు పడవలో అందరూ ఒకేసారి సాధన చేయాలి కనుక ఒక్కరి వీలును బట్టి వేళలు మార్చడం కష్టం. తేలిక బరువు విభాగంలో శరీర బరువుపై కూడా నియమం ఉండేది. మహిళల జోడీ సగటు బరువు 57 కిలోలు మించరాదు.

భారతదేశంలో ఎం.బి.బి.ఎస్. కోర్సు నాలుగున్నర సంవత్సరాలు. ఆపై ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్ ఉంటుంది. పరీక్షకు అర్హత పొందడానికి థియరీలో 75 శాతం, ప్రాక్టికల్స్‌లో 80 శాతం హాజరు ఉండాలి. 2023 నిబంధనల ప్రకారం ప్రవేశం పొందిన 9 సంవత్సరాలలోపు కోర్సు పూర్తి చేయాలి. ఆసుపత్రిలో రాత్రి విధులు మొదలైన తరువాత, సాధన చేసే శరీరానికి కావలసిన నిద్ర, విశ్రాంతి కూడా తగ్గుతాయి.

బ్రిటన్ క్రీడాకారిణులు

ఇమోజెన్ గ్రాంట్ కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యార్థినిగా చేరిన తరువాతే రోయింగ్ నేర్చుకుంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఎమిలీ క్రెయిగ్‌తో కలిసి సెకనులో నూరవ వంతు తేడాతో కాంస్య పతకాన్ని కోల్పోయింది. పోటీల కోసం చదువుకు విరామమిచ్చి, తిరిగి వెళ్ళి పట్టా పూర్తిచేసింది. ఈ జోడీ 2022, 2023లలో ప్రపంచ విజేతగా నిలిచి, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వర్ణం సాధించింది.

పాలీ స్వాన్ ఎడిన్‌బరోలో వైద్యం చదివింది. 2016 రియో ఒలింపిక్స్‌లో ఎనిమిది మంది జట్టులో రజత పతకం పొందింది. 2020లో కోవిడ్ కారణంగా ఒలింపిక్స్ వాయిదా పడినపుడు ఆసుపత్రిలో వైద్యురాలిగా పనిచేసింది. తిరిగి సాధన చేసి, టోక్యోలో హెలెన్ గ్లోవర్‌తో కలిసి నాలుగవ స్థానం పొందింది.

భారతదేశంలో

భారతదేశంలో ఇటువంటి ఉదాహరణలు ఇతర క్రీడలలో కనిపిస్తాయి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు నాయకుడు తాలిమెరెన్ ఆవో అప్పటికి కలకత్తాలో వైద్యవిద్యార్థి. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన హాకీ జట్టు సభ్యుడు వేస్ పేస్ కూడా వైద్యుడే.

తెలుగువారిలో ప్రముఖుడు ఎం.వి.శ్రీధర్ (1966 - 2017). విజయవాడలో జన్మించిన ఇతడు వైద్యపట్టా పొందిన క్రికెట్ క్రీడాకారుడు. హైదరాబాదు తరఫున ఆడుతూ 1993-94 రంజీ ట్రోఫీలో ఆంధ్ర జట్టుపై 366 పరుగులు చేశాడు. ఆ ఇన్నింగ్స్‌లో హైదరాబాదు 6 వికెట్లకు 944 పరుగులు చేసింది. 97 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లలో 21 శతకాలతో 6701 పరుగులు సాధించాడు. దేశవాళీ క్రికెట్ కొన్ని నెలలకు పరిమితం కాగా రోయింగ్ సాధనకు అటువంటి దీర్ఘ విరామం ఉండదు.

చీరాల పరిసరాలు

2022 నుండి బాపట్ల జిల్లాలో ఉన్న చీరాల ప్రాంత విద్యార్థులకు గుంటూరు, ఒంగోలులలో ప్రభుత్వ వైద్య కళాశాలలు అందుబాటులో ఉన్నాయి. గుంటూరు వైద్య కళాశాల 1946లో ప్రారంభమైంది. అయితే రోయింగ్‌కు నిశ్చలమైన, పొడవైన నీటి మార్గం కావాలి. చీరాల సమీపంలోని వాడరేవు సముద్రతీరంలో అలల వలన సన్నని పడవలు నిలువవు. తెలుగు ప్రాంతాలలో ఈ క్రీడకు పేరొందినది హైదరాబాదులోని హుస్సేన్ సాగర్. కనుక ఈ ప్రాంత వైద్యవిద్యార్థి రోయింగ్‌ను ఎంచుకుంటే సమయంతో పాటు దూరం కూడా సమస్యే.

పారిస్ తరువాత తేలిక బరువు విభాగాన్ని ఒలింపిక్స్ నుండి తొలగించారు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో వెడల్పైన పడవలతో అలలపై జరిపే సముద్రతీర రోయింగ్‌ను చేర్చారు. ఇసుకతీరం నుండే మొదలయ్యే ఈ పందేనికి సరస్సు అవసరం లేదు.

ఇవి కూడా చూడండి

చీరాల
గుంటూరు వైద్య కళాశాల
ఎం.వి.శ్రీధర్
హుస్సేన్ సాగర్