మిర్చి బాకీ ఏ కోర్టుకు వెళ్తుంది?

గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు (బస్తాలు) అరువుకు వదిలిన రైతుకు ఒక్కోసారి డబ్బు కంటే ముందు కోర్టు నోటీసు అందుతుంది. ఫలానా వ్యాపారి ఐపీ (దివాలా పిటిషన్) పెట్టాడు, అప్పిచ్చినవాళ్ల జాబితాలో మీ పేరుంది, వాయిదాకు రండి అన్నది దాని సారాంశం. బాకీ వసూలుకు దావా వేసే దారి రైతు చేతిలో ఉంటుంది. ఐపీ దారి మాత్రం దాదాపు ఎప్పుడూ అప్పు పడ్డవాడే తొక్కుతున్నాడు. పత్తి, మిర్చి పండే గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో సివిల్ కోర్టుల అమరికను అర్థం చేసుకోవాలంటే ఈ రెండు దారుల తేడా చూడాలి.

మొదటి దారి ప్రోనోటుది. రెవెన్యూ స్టాంపు మీద సంతకం, పక్కన సాక్షులు, చివర దస్తూరి, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. మూడేళ్లలో దావా పడకపోతే నోటుకు కాలదోషం పడుతుంది. గడువులోపు కొంత ముట్టజెప్పి నోటు వెనక చెల్లు వేస్తే మళ్లీ మూడేళ్లు. అయితే ఆ చెల్లు బాకీపడ్డవాడి చేతిరాతలోనో, అతని సంతకంతోనో ఉండాలి. ‘ఆ సంతకం నాది కాదు’ అనే వాదన పుట్టేది అక్కడే.

దావా ఎక్కడ వేయాలన్నది 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ చెబుతుంది. విచారించే అధికారమున్న కోర్టుల్లో అన్నిటికంటే కిందిదానిలోనే మొదలుపెట్టాలి. పొలం తగాదా అయితే పొలం ఉన్నచోట, డబ్బు బాకీ అయితే ప్రతివాది ఉండేచోట లేదా నోటు రాసుకున్నచోట. కింది మెట్టు జూనియర్ సివిల్ జడ్జి, పైన సీనియర్ సివిల్ జడ్జి, ఆపైన జిల్లా జడ్జి. దావా విలువను బట్టి మెట్టు మారుతుంది. 1873 మద్రాసు చట్టం స్థానంలో 1972లో ఆంధ్రప్రదేశ్ సివిల్ కోర్టుల చట్టం వచ్చినా పల్లెల్లో ఇంకా మున్సిఫ్ కోర్టు, సబ్ కోర్టు అనే అంటారు. హైకోర్టు గుంటూరుకు కొత్త కాదు: 1954 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్ర హైకోర్టు ఆ ఊళ్లోనే ఉంది. ఇప్పటిది నేలపాడులో.

రైతు గొడవలన్నీ ఈ మెట్లెక్కవు. చెల్లని చెక్కు మేజిస్ట్రేటు ముందుకు వెళ్తుంది. మొలకెత్తని విత్తనం మీద వినియోగదారుల ఫోరాన్ని ఆశ్రయించవచ్చని 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్, మధుసూదన్ రెడ్డి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అది ఆంధ్రప్రదేశ్ రైతుల పోరాటమే.

ఇక ఐపీ. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద బాకీదారు ఉండే లేదా వ్యాపారం చేసే చోటి కోర్టులోనే పిటిషన్ వేయాలి. మన దగ్గర సాధారణంగా అది సబ్ కోర్టు. అప్పు లక్షల్లో ఉన్నా కోట్లలో ఉన్నా ఇక్కడ విలువ లెక్క పనిచేయదు. దివాలా ఉత్తర్వు వెలువడ్డాక కోర్టు అనుమతి లేకుండా కొత్త దావా వేయడానికి వీల్లేదు. చట్టం వయసు అంకెల్లో కనిపిస్తుంది: అప్పు 500 రూపాయలుంటే చాలు, ఐపీకి అర్హత వస్తుంది, నేడు ఆ డబ్బుకు అర టిక్కీ మిర్చి కూడా రాదు. దివాలా తీసినవాడి దగ్గర పనిచేసిన కూలీకి ముందుగా దక్కే జీతం బాకీ 20 రూపాయలకు మించదు.

రైతు చేతులు పూర్తిగా కట్టేసి ఉండవు. ఐపీకి ముందు రెండేళ్లలో వ్యాపారి తన ఇంటినో పొలాన్నో బంధువుల పేర ఉత్తినే రాసి ఉంటే, దాన్ని రద్దు చేయించవచ్చు. బాకీదారు ఆస్తిని దాటించేస్తున్నాడని తెలిస్తే, అది జరిగిన మూడు నెలల్లోగా రైతే ఐపీ వేయవచ్చు కూడా. ఈ హక్కు వాడుకునేవాళ్లు అరుదు. నోటీసు అందగానే డబ్బు పోయినట్టేనని చాలామంది వాయిదాకే వెళ్లరు, వ్యాపారికి కావలసిందీ అదే.

2016 దివాలా స్మృతి ఈ పాత చట్టాన్ని తొలగించాలనుకుంది. కానీ వ్యక్తుల దివాలాకు సంబంధించిన భాగం 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీలకు పూచీపడ్డవారి వరకే అమల్లోకి వచ్చింది. మిగతా భాగం అమలైతే ఇలాంటి పిటిషన్లు సబ్ కోర్టు నుంచి రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు మారతాయి. ఆంధ్రప్రదేశ్‌కు ఆ ట్రిబ్యునల్ విశాఖపట్నంలో ఉంది. అద్దంకి రైతు వాయిదాకు అక్కడిదాకా వెళ్లాల్సి వస్తుంది.