పని నేర్చాక, కుదురుకోకముందు: జర్మన్ వృత్తికారుల దేశాటనం

వడ్రంగం, తాపీపని, కమ్మరం, తోలుపని వంటి వృత్తుల్లో శిష్యరికం ముగించిన యువకుడు, ఒక ఊళ్లో స్థిరపడేలోగా కొన్నేళ్లపాటు ఊరూరా తిరుగుతూ పనిచేసి రావాలన్న ఆచారం జర్మన్ మాట్లాడే ప్రాంతాల్లో మధ్యయుగాల చివరినుంచి ఉంది. దీన్ని నేడు ‘వాల్ట్స్’ అంటారు. చదువుకూ మొదటి ఉద్యోగానికీ నడుమ ఒంటరిగా దేశం చూసి రావాలా వద్దా అన్నది ఈ కాలపు పట్టభద్రుల సందేహంలా కనిపిస్తుంది గానీ, చేతిపనివాళ్లకు ఆ దారి శతాబ్దాల కిందటే తెలుసు. అప్పట్లో నిర్ణయం మాత్రం వెళ్లేవాడి చేతిలో ఉండేది కాదు. మొదట వృత్తి సంఘం, ఆ తర్వాత ప్రభుత్వం దాన్ని తమ అధీనంలో ఉంచుకున్నాయి. ఆ పట్టు సడలాకే అది యువకుడి సొంత నిర్ణయమైంది.

నగరాల్లో ఒక్కో వృత్తికి ఒక్కో సంఘం ఉండేది. ఊళ్లో ఎందరు మేస్త్రీలు ఉండాలో, ఒక్కొక్కరి దగ్గర ఎందరు పనిచేయాలో, సరుకు ఎలా ఉండాలో సంఘమే తేల్చేది. పిల్లవాడు మేస్త్రీ ఇంట చేరి, అక్కడే తిని, అక్కడే పడుకుని, కొన్నేళ్లలో పని నేర్చేవాడు. శిష్యరికం ముగిశాక అతడు ‘గెసెల్లె’ అయ్యేవాడు; అంటే కూలి తీసుకుని పనిచేయగల పనివాడు. సొంతంగా కొట్టు పెట్టాలంటే మేస్త్రీ కావాలి. అందుకు తన పనితనానికి రుజువుగా ఒక వస్తువు చేసి సంఘం ముందు పెట్టాలి, రుసుములు కట్టాలి. 15వ శతాబ్దానికి ఈ రెండు మెట్ల మధ్య దేశాటనం వాడుకలోకి వచ్చింది. 16వ శతాబ్దం నుంచి చాలా సంఘాలు దాన్ని తప్పనిసరి షరతు చేశాయి.

ఎందుకు చేశాయన్నదానికి సంఘాలు చెప్పిన కారణం విద్య. ఒక ఊరి పద్ధతే ఎరిగినవాడికి చేయి తిరగదు, నాలుగు చోట్ల పనిచేస్తే నాలుగు రకాల పనిముట్లు, కొత్త పనితీరులు తెలుస్తాయి. ఈ మాటలో నిజం ఉంది. అయితే దీని వెనుక మరో లెక్క కూడా ఉంది. పని నేర్చినవాళ్లందరూ వెంటనే కొట్లు తెరిస్తే ఉన్న మేస్త్రీల గిరాకీ తగ్గుతుంది. వాళ్లను మూడు నాలుగేళ్లు ఊరు దాటిస్తే పోటీ వాయిదా పడుతుంది. చాలా చోట్ల మేస్త్రీల కొడుకులకు, మేస్త్రీ వితంతువును పెళ్లాడేవారికి షరతులు సడలించేవారు. విద్యే ఏకైక లక్ష్యమైతే ఈ సడలింపులకు అర్థం లేదు.

సంఘపు షరతుతో పాటు ఇంటి పెద్దల మాట కూడా ఉండేది. న్యూరెంబర్గ్ చిత్రకారుడు ఆల్బ్రెఖ్ట్ డ్యూరర్ మిఖాయెల్ వోల్‌గెముట్ దగ్గర శిష్యరికం ముగించి 1490లో బయలుదేరాడు. తండ్రి పంపితే వెళ్లానని, నాలుగేళ్లకు తండ్రి పిలిస్తే తిరిగొచ్చానని ఆయనే తన కుటుంబ వృత్తాంతంలో రాసుకున్నాడు. ప్రసిద్ధ చెక్కడపు చిత్రకారుడు మార్టిన్ షోన్‌గావర్‌ను కలుసుకోవాలని 1492లో కోల్మార్ చేరేసరికి ఆయన చనిపోయి ఏడాదయింది. ఆ తర్వాత బాసెల్‌లో, స్ట్రాస్‌బర్గ్‌లో పనిచేసి 1494లో ఇల్లు చేరాడు. ఇంటికి రాగానే తండ్రి కుదిర్చిన పెళ్లి చేసుకున్నాడు.

ఒంటరిగా బయలుదేరినవాడు దారిలో దిక్కులేకుండా పోకుండా పనివాళ్లే ఏర్పాట్లు చేసుకున్నారు. ప్రతి పెద్ద ఊళ్లోనూ వృత్తివారీగా ఒక సత్రం ఉండేది. కొత్తగా వచ్చినవాడు నేరుగా అక్కడికి వెళ్లి, తన వృత్తివారికే తెలిసిన పలకరింపు మాటలు తప్పు లేకుండా చెప్పాలి. తాను నిజంగా ఆ వృత్తివాడేనని, సక్రమంగా శిష్యరికం చేశాడని నిరూపించుకోవడానికి అదే ఆధారం. ఆ తర్వాత స్థానిక పనివాడొకరు అతని తరఫున మేస్త్రీల కొట్లకు వెళ్లి పని ఉందేమో కనుక్కునేవాడు. దొరికితే సరే, దొరకకపోతే తిండి, పానీయం, ఆ రాత్రికి పడక, దారి ఖర్చుకు కొద్ది డబ్బు ఇచ్చి మరో ఊరికి సాగనంపేవారు. ఇది బిచ్చం కింద లెక్క కాదు. ప్రతి పనివాడూ తాను ఒకచోట ఉన్నప్పుడు ఉమ్మడి పెట్టెలో సొమ్ము వేసేవాడు, దారిలో ఉన్నప్పుడు అందుకునేవాడు. రాజ్యం సంక్షేమం గురించి ఆలోచించని రోజుల్లో, చదువు అంతగా లేని యువకులు వందల మైళ్ల పొడవునా నిలబెట్టిన ఈ పరస్పర సాయం ఈ చరిత్రలో అన్నిటికన్నా గొప్ప విషయం.

ఆ ఐక్యతే పాలకులకు కంటగింపైంది. పనివాళ్లను అవమానించిన ఊరిని, మేస్త్రీని వెలివేసినట్టు దారిపొడవునా కబురు పెట్టేవారు. ఇక అక్కడికి ఎవరూ వెళ్లేవారు కారు. 1726లో ఆగ్స్‌బర్గ్ చెప్పుల పనివాళ్లు సమ్మె చేసి ఊరు విడిచారు, తమ ఊరికి రావద్దని ఇతర నగరాల పనివాళ్లకు ఉత్తరాలు రాశారు. ఇలాంటి అలజడుల ఫలితంగా 1731లో పవిత్ర రోమన్ సామ్రాజ్యమంతటికీ వృత్తుల శాసనం వచ్చింది. దాని ప్రకారం ప్రతి పనివాడూ తాను వదిలిన ఊరి నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. లేకపోతే పని దొరకదు. 19వ శతాబ్దంలో దీని స్థానంలో సంచార పుస్తకం వచ్చింది. ఎక్కడ పనిచేశాడో, ఎప్పుడు వెళ్లాడో, ఇక ఏ దారిన పోవాలో అందులో అధికారులు రాసి ముద్ర వేసేవారు. ప్యారిస్‌లో, స్విట్జర్లాండ్‌లో జర్మన్ పనివాళ్లు విప్లవ భావాలు నేర్చుకుంటున్నారన్న భయంతో 1835లో జర్మన్ సమాఖ్య ఆ వైపు ప్రయాణాలపై నిషేధం కూడా పెట్టింది. అలా ఒకప్పుడు వెళ్లి తీరాల్సిన యువకుడికే ఎక్కడికి వెళ్లకూడదో కూడా పైవాళ్లే చెప్పసాగారు.

ఇన్ని ఆంక్షల మధ్య కూడా దారి చాలామంది జీవితాన్ని మార్చింది. తాళాల పని నేర్చిన ఆడమ్ ఓపెల్ 1857లో బయలుదేరి బెల్జియం మీదుగా ప్యారిస్ చేరాడు. అక్కడ కుట్టు మిషన్ల తయారీ నేర్చుకుని 1862లో స్వగ్రామం రుస్సెల్స్‌హైమ్‌లో తన సంస్థ మొదలుపెట్టాడు. కార్ల కంపెనీగా పేరుపొందిన ఓపెల్ పుట్టింది అలాగే. తరిమెన పనివాడైన ఆగస్ట్ బేబెల్ 1858 నుంచి దక్షిణ జర్మనీ, ఆస్ట్రియా తిరిగి 1860లో లైప్‌సిగ్ చేరాడు. తర్వాత జర్మన్ కార్మికోద్యమానికి నాయకుడయ్యాడు. ప్రొటెస్టెంట్ అయి ఉండి కూడా దారిలో క్యాథలిక్ పనివాళ్ల సంఘాల్లో చేరాడు. ఆ సంఘాలు స్థాపించిన అడోల్ఫ్ కోల్పింగ్ కూడా ఒకప్పుడు చెప్పులు కుట్టినవాడే. సత్రాల మురికి, ఒంటరితనం, తాగుడు స్వయంగా చూసినవాడు కనుక మతగురువయ్యాక 1849లో కొలోన్‌లో వాటి స్థాపనకు పూనుకున్నాడు. దేశాటనం అందరికీ అచ్చిరాలేదనడానికి ఆయన పూనికే సాక్ష్యం.

1869లో ఉత్తర జర్మన్ సమాఖ్య వృత్తి స్వేచ్ఛా చట్టం తెచ్చాక సంఘాల పెత్తనం ముగిసింది, దేశాటనం షరతు కాకుండా పోయింది. ఫ్యాక్టరీలు పనివాళ్లను ఒకచోటే కట్టేశాయి. ఆచారం చాలావరకు వడ్రంగం, తాపీపని, కప్పు వేయడం వంటి కట్టుబడి వృత్తులకే పరిమితమైంది. వాళ్లు 1891లో రోలాండ్ సంఘం, 1910లో మరో రెండు సంఘాలు పెట్టుకుని దాన్ని బతికించారు. నాజీలు ఈ సంఘాలను అణచివేశారు. తూర్పు జర్మనీలో కూడా ఆచారం సాగలేదు. 1970ల చివరి నుంచి ఏర్పడిన కొత్త సంఘాలు స్త్రీలకు కూడా తలుపు తెరిచాయి. అన్ని శతాబ్దాలూ వాళ్లను బయటే ఉంచిన ఆచారానికి ఇది చాలా ఆలస్యంగా జరిగిన దిద్దుబాటు.

నేడు వెళ్లదలచినవారు వృత్తి పరీక్షలో ఉత్తీర్ణులై ఉండాలి, సాధారణంగా ముప్పై ఏళ్లలోపు వయసు ఉండాలి, పెళ్లి, పిల్లలు, అప్పులు ఉండకూడదు. పాత సంఘాల్లో గడువు మూడేళ్ల మీద ఒక రోజు. అంతకాలమూ సొంత ఊరికి 50 కిలోమీటర్ల లోపలికి రాకూడదు. నల్లటి వెడల్పంచు టోపీ, గీతల మందపాటి వస్త్రంతో కుట్టిన దుస్తులు, వంకర్లు తిరిగిన చేతికర్ర, బట్టలో మూటగట్టిన సామాను ఉంటాయి, ఫోను ఉండదు. ప్రయాణానికీ పడకకూ డబ్బు వెచ్చించకూడదు, ఒకే చోట సాధారణంగా మూడు నెలలకు మించి ఉండకూడదు. కొత్తవారిని అనుభవమున్న పనివాడొకరు వచ్చి ఊరి నుంచి తీసుకెళ్లి, మొదటి రోజుల్లో దారి మర్యాదలు నేర్పి, ఆ తర్వాత వదిలేస్తారు. జర్మనీ ఈ ఆచారాన్ని తన అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది; దీనికి దగ్గరి బంధువైన ఫ్రెంచ్ పనివాళ్ల సంప్రదాయం 2010లో యునెస్కో జాబితాకెక్కింది.

నేటి జర్మనీలో మేస్త్రీ పరీక్షకు దేశాటనం అవసరం లేదు. వెళ్లనివారికి పోయేదేమీ లేదు, వెళ్లినవారికి ప్రత్యేక హోదా రాదు. అయినా కొన్ని వందలమంది యువతీయువకులు తమంతట తామే ఈ దారి పడుతున్నారు.