సమగ్ర వేదిక

'''సమగ్ర వేదిక''' తెలంగాణ ప్రభుత్వ సమాచార సాంకేతిక శాఖ రూపొందించిన సమాచార అనుసంధాన వ్యవస్థ. వేర్వేరు ప్రభుత్వ శాఖలు వేర్వేరు కాలాలలో, వేర్వేరు రూపాలలో తయారు చేసుకున్న డేటాబేసులను కలిపి, వాటిలో ఒకే వ్యక్తికి సంబంధించిన రికార్డులను గుర్తించడం దీని పని. 2019 జూలైలో వెలువడిన భారత ఆర్థిక సర్వే ఈ వ్యవస్థను సుమారు 25 ప్రభుత్వ డేటాబేసులను అనుసంధానించిన ఉదాహరణగా పేర్కొంది. సంక్షేమ పథకాలలో అనర్హులను ఏరివేయడానికి దీనిని వాడిన తీరు, ముఖ్యంగా రేషను కార్డుల రద్దు, వివాదాస్పదమై సుప్రీం కోర్టు వరకు వెళ్ళింది.

'''నేపథ్యం'''

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. అదే సంవత్సరం ఆగస్టు 19న ఒక్క రోజులో రాష్ట్రమంతటా సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. సర్వే వలన కుటుంబాల వివరాలు ఒకచోట చేరినా, అవి ఆ ఒక్కనాటి వివరాలు మాత్రమే. ఆ తరువాత జరిగే జననమరణాలు, భూమి క్రయవిక్రయాలు, వాహన కొనుగోళ్ళు ఆయా శాఖల రికార్డులలోకి మాత్రమే చేరుతాయి. ఆ రికార్డులను కలిపి చూస్తే ఇంటింటికీ తిరగకుండానే అర్హతలను నిర్ణయించవచ్చునన్నది ఈ వ్యవస్థ వెనుకనున్న ఆలోచన.

రేషను కార్డుకు ప్రభుత్వం నిర్ణయించిన అర్హతలు కూడా ఇందుకు కారణమయ్యాయి. వార్షికాదాయం గ్రామాలలో లక్షన్నర రూపాయలకు, పట్టణాలలో రెండు లక్షలకు మించరాదు. భూమి తరి మూడున్నర ఎకరాలకు, మెట్ట ఏడున్నర ఎకరాలకు మించరాదు. నాలుగు చక్రాల సొంత వాహనం ఉండరాదు. వీటిలో ఏ ఒక్కటీ పౌర సరఫరాల శాఖ రికార్డులలో ఉండదు. భూమి వివరాలు రెవెన్యూ శాఖ వద్ద, వాహనాల వివరాలు రవాణా శాఖ వద్ద ఉంటాయి.

'''సమాచార వనరులు'''

ఆర్థిక సర్వే ప్రకారం ఇందులో ప్రతి వ్యక్తికి సంబంధించి ఏడు రకాల సమాచారాన్ని జోడించారు. అవి:

* నేరాలు
* ఆస్తులు
* విద్యుత్తు, నీరు వంటి సేవలు
* సబ్సిడీలు
* విద్య
* పన్నులు
* గుర్తింపు వివరాలు

వ్యక్తి పేరు, చిరునామాలనే ఉమ్మడి ఆధారంగా తీసుకొని ఈ వనరులను కలిపారు. అంతటితో ఆగక ప్రతి వ్యక్తినీ అతని భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, తోబుట్టువుల రికార్డులతో ముడివేశారు. అన్ని డేటాబేసులలోనూ ఒకే గుర్తింపు సంఖ్య ఉంటే పని తేలికయ్యేది. కాని ఆధార్ రాకముందు తయారైన రికార్డులలో అటువంటి సంఖ్య లేదు. అందువలన పేర్లను పోల్చడమే మార్గమయింది.

'''పనిచేయు విధానం'''

ఇటువంటి అనుసంధాన వ్యవస్థలన్నీ స్థూలంగా నాలుగు దశలలో పనిచేస్తాయి.

# '''సేకరణ''': ఒక శాఖ ఒరాకిల్ డేటాబేసు, మరొకటి ఎస్‌క్యూఎల్ సర్వరు వాడవచ్చు. ఇంకొకటి ఎక్సెల్ పట్టికలు పంపవచ్చు. కొన్ని కార్యాలయాల వద్ద పీడీఎఫ్ ఫైళ్ళు, స్కాన్ చేసిన కాగితాలు మాత్రమే ఉంటాయి. మొదట వీటన్నిటినీ ఒకే రకం పట్టికలోకి మార్చాలి.
# '''శుద్ధి''': తేదీలు, సర్వే నెంబర్లు, ఇంటిపేర్లు, ఊరిపేర్లను ఒకే పద్ధతిలోకి తేవాలి.
# '''పోలిక''': రెండు రికార్డుల మధ్య పేరు, తండ్రి పేరు, వయసు, చిరునామా ఎంతవరకు సరిపోయాయో లెక్కించి మార్కులు వేయాలి.
# '''నిర్ణయం''': మార్కులు ఒక హద్దు దాటితే రెండు రికార్డులు ఒకే వ్యక్తివని తేల్చాలి.

ఈ హద్దును ఎక్కడ గీయాలన్నదే అసలు చిక్కు. ఎక్కువగా ఉంచితే ఒకే వ్యక్తి ఇద్దరుగా మిగిలిపోతాడు. తక్కువగా ఉంచితే ఇద్దరు వేర్వేరు వ్యక్తులు ఒకరైపోతారు. మొదటి పొరపాటు వలన అనర్హునికి బియ్యం అందవచ్చు. రెండవ పొరపాటు వలన ఎవరిదో కారు మరొకరి పేరున చేరి, పేద కుటుంబం కార్డు పోవచ్చు. కోటి రికార్డులలో నూటికి ఒక్కటి తప్పినా లక్ష తప్పులవుతాయి.

'''లిపి, రూపభేదాల సమస్యలు'''

'''ఊరిపేర్లు'''

జగిత్యాల జిల్లాలోని బీర్పూర్ ఇందుకు మంచి ఉదాహరణ. ఈ పేరును తెలుగులో కనీసం మూడు విధాలుగా వ్రాయవచ్చు. రకారపు పొల్లు తరువాత పకారం ఒత్తుగా మారితే "బీర్పూర్" అవుతుంది. పొల్లును విడిగా నిలిపితే "బీర్‌పూర్" అవుతుంది. అజంతంగా వ్రాస్తే "బీరుపూరు". చదివేవారికి మొదటి రెంటికీ తేడా లేదు. కంప్యూటరుకు మాత్రం అవి రెండు వేర్వేరు పదాలు. యూనికోడులో మొదటి రూపానికి 8 సంకేతాలు పడతాయి. రెండవ రూపంలో పొల్లుకు, పకారానికి మధ్య కంటికి కనబడని ఒక విడదీసే సంకేతం (దశాంశ సంఖ్య 8204) చేరి మొత్తం 9 అవుతాయి. ఒక డేటాబేసులో మొదటి రూపం, మరొక దానిలో రెండవ రూపం ఉంటే, నేరుగా పోల్చినపుడు రెండూ ఒకటి కావు.

ఆంగ్లంలో వ్రాసినపుడు సమస్య మరింత పెరుగుతుంది. బీర్పూర్‌లోని దీర్ఘాన్ని కొందరు ఒక్క "ఐ" అక్షరంతో, కొందరు రెండు "ఈ" అక్షరాలతో వ్రాస్తారు. జగిత్యాల ఆంగ్లంలో "జగ్తియాల్"గా మారింది. సిరిసిల్లలోని రెండవ సకారానికి ఒకచోట "సీ", మరొకచోట "ఎస్" కనబడుతుంది. కోరుట్లకు "కోరట్ల" అన్న వ్రాత కూడా ఉంది. వాహనాల రికార్డులు ఆంగ్లంలోనూ, భూమి రికార్డులు తెలుగులోనూ ఉన్నపుడు ఈ రెండింటినీ కలపడానికి ముందుగా లిప్యంతరీకరణ చేయవలసి వస్తుంది.

'''ఖతులు, సంకేతలిపులు'''

యూనికోడులో తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు కేటాయించబడ్డాయి. యూనికోడు వాడుకలోకి రాకముందు ఇస్కీ అనే భారతీయ ప్రమాణం ఉండేది. ఇది 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఆమోదం పొందింది. కాని డీటీపీ కేంద్రాలు, పత్రికలు, అనేక కార్యాలయాలు ఈ రెంటినీ కాక అను వంటి ఖతులను వాడాయి. ఈ ఖతులలో ఆంగ్ల అక్షరాల స్థానంలో తెలుగు అక్షరాల ముక్కలు, అంటే తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు విడివిడిగా ఉంటాయి. ఆ ఖతి లేని కంప్యూటరులో ఫైలు తెరిస్తే అర్థంలేని ఆంగ్ల అక్షరాలు కనబడతాయి. ఒక్కొక్క ఖతికి ఒక్కొక్క అమరిక కనుక, ప్రతి దానికీ వేరుగా మార్పిడి పట్టిక కావాలి. వెన్న నాగార్జున రూపొందించిన పద్మ అనే ఉపకరణం అనేక ఖతుల నుండి, ఇస్కీ నుండి యూనికోడులోకి పాఠ్యాన్ని మార్చేది.

నిల్వ స్థలం కూడా ఒక సమస్యే. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. ఆ లెక్కన ఆంగ్లంలో 6 బైట్లలో ఇమిడిపోగల బీర్పూర్‌కు తెలుగులో 24 బైట్లు కావాలి. 20 బైట్ల గడిలో అది పట్టదు. యూనికోడుకు వీలులేని గడిలోకి తెలుగును పంపితే అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు మిగులుతాయి. అలా పోయిన సమాచారాన్ని ఆ గడి నుండి తిరిగి రాబట్టే వీలు లేదు.

'''వ్యక్తుల పేర్లు'''

తెలుగువారి ఇంటిపేరు మొదట వస్తుంది. ఒక రికార్డులో అది పూర్తిగా, మరొక దానిలో పొడి అక్షరంగా, ఇంకొక దానిలో చివరన ఉండవచ్చు. రాజయ్య అనే వ్యక్తి వేరొకచోట రాజం కావచ్చు. లక్ష్మి లచ్చమ్మ కావచ్చు. మహమ్మద్ అన్న పేరు "ఎండీ" అని కుదించబడుతుంది. దానికి తోడు వయోవృద్ధులకు పుట్టిన తేదీ తెలియక, సంవత్సరం మాత్రమే వ్రాసిన సందర్భాలు ఎక్కువ. ఒకే మండలంలో ఒకే పేరు, ఒకే తండ్రి పేరు ఉన్నవారు పలువురు ఉండడం అరుదు కాదు.

'''జిల్లాల పునర్వ్యవస్థీకరణ'''

2016 అక్టోబరు 11న తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరి 17న ములుగు, నారాయణపేటలు చేరి 33 అయ్యాయి. అంతవరకు కరీంనగర్ జిల్లా, సారంగాపూర్ మండలంలో ఉన్న బీర్పూర్ 2016లో జగిత్యాల జిల్లాలో కొత్త మండల కేంద్రమయింది. కోరుట్ల కూడా జగిత్యాల జిల్లాలో చేరగా, సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లా కేంద్రమయింది. 2011 జనగణన మాత్రం పాత జిల్లాల ప్రకారం ఉంది. కాబట్టి ఇల్లు కదలకపోయినా చిరునామా మారింది.

ఒకే పాత జిల్లాలోనే వనరులు వేరుగా ఉన్న సందర్భం కూడా ఉంది. సిరిసిల్ల ప్రాంతానికి విద్యుత్తు సరఫరా చేసేది 1970లో ఏర్పడిన సహకార విద్యుత్ సరఫరా సంఘం (సెస్). పొరుగున ఉన్న జగిత్యాల, కోరుట్లలకు సరఫరా చేసేది ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ. ఉమ్మడి కరీంనగర్ జిల్లా విద్యుత్తు వినియోగదారుల వివరాలు కావాలంటే రెండు సంస్థల జాబితాలను కలపాలి. పైగా అద్దె ఇంటిలో ఉండే మరమగ్గాల కార్మికుని మీటరు సాధారణంగా ఇంటి యజమాని పేరున ఉంటుంది.

'''రేషను కార్డుల వివాదం'''

2015 జనవరి నుండి తెలంగాణలో ఆహార భద్రత కార్డు గల కుటుంబంలో ఒక్కొక్కరికి నెలకు 6 కిలోల బియ్యం, కిలో ఒక రూపాయి చొప్పున ఇచ్చారు. నలుగురున్న ఇంటికి ఇది 24 కిలోలు. కార్డు రద్దయిన ఇంటికి ఆ బియ్యం ఆగిపోతుంది.

2024 జనవరిలో అల్ జజీరా ప్రచురించిన పరిశోధనాత్మక కథనం ప్రకారం, 2014 నుండి 2019 వరకు రాష్ట్రంలో 18.6 లక్షలకు పైగా కార్డులు రద్దయ్యాయి. 1,42,086 కొత్త దరఖాస్తులు తిరస్కరించబడ్డాయి. ముందుగా నోటీసు ఇవ్వకుండానే ఇది జరిగిందని ఆ కథనం పేర్కొంది. వాహన యజమాని పేరుతో తమ పేరు కలవడం వలన కార్లు లేనివారు కూడా కారు యజమానులుగా నమోదైన ఉదంతాలు అందులో ఉన్నాయి. ఇటువంటి వ్యక్తి తన వద్ద ఉన్న దానిని చూపి కాక, తన వద్ద లేని దానిని లేదని నిరూపించుకోవలసి వచ్చింది.

ఈ రద్దులపై సుప్రీం కోర్టులో దావా దాఖలయింది. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించవలసినదిగా 2022 ఏప్రిల్‌లో కోర్టు రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ కథనంలోని లెక్కల ప్రకారం పునఃపరిశీలనకు 4,91,899 దరఖాస్తులు వచ్చాయి. 2022 జూలై నాటికి 2,05,734 దరఖాస్తుల పరిశీలన పూర్తయింది. వారిలో 15,471 మంది అర్హులని తేలింది. అంటే పరిశీలించిన వాటిలో సుమారు 7.5 శాతం.

ఇటువంటి వ్యవస్థ వలన అనర్హుల ఏరివేత వేగంగా జరిగి, ప్రజాధనం ఆదా అవుతుందని దీనిని సమర్థించేవారు అంటారు. పొరపాటు భారం దానిని మోయలేనివారి మీదనే పడుతుందని, రికార్డుల పోలిక తీరు పౌరులకు తెలియడం లేదని విమర్శకుల వాదన. ఒక పని కోసం ఇచ్చిన వివరాలను మరొక పనికి వాడడం గోప్యత హక్కుకు భంగమన్న విమర్శ కూడా ఉంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీం కోర్టు 2017 ఆగస్టు 24న తీర్పునిచ్చింది.

'''ఇతర దేశాలలో'''

ఆస్ట్రేలియాలో "రోబోడెట్" పేరుతో పేరొందిన పథకం ఇటువంటిదే. పన్నుల శాఖ వద్ద ఉన్న వార్షికాదాయాన్ని పక్షాల వారీగా సమానంగా పంచి, సంక్షేమ శాఖ వద్ద ఉన్న పక్షపు ఆదాయంతో పోల్చారు. కొన్ని నెలలు మాత్రమే పని దొరికిన వారు ఈ సగటు లెక్క వలన లేని బకాయిలు కట్టవలసి వచ్చింది. 2023 జూలైలో వెలువడిన రాయల్ కమిషను నివేదిక ఈ పథకాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. నెదర్లాండ్స్‌లో శిశు సంరక్షణ భత్యాల విషయంలో వేలాది కుటుంబాలపై మోసపు నింద మోపిన ఉదంతం కారణంగా 2021 జనవరిలో ఆ దేశ ప్రభుత్వం రాజీనామా చేసింది.

'''నివారణ మార్గాలు'''

* '''స్థిరమైన సంకేత సంఖ్యలు''': కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నిర్వహించే స్థానిక ప్రభుత్వ డైరెక్టరీలో ప్రతి గ్రామానికి ఒక సంఖ్య ఉంది. ఊరిపేరుకు బదులు ఈ సంఖ్యను వాడితే వ్రాత తేడాల బెడద తప్పుతుంది.
* '''లిపి ప్రమాణం''': అన్ని శాఖలూ యూనికోడు వాడడం, పోల్చేముందు కనబడని సంకేతాలను తొలగించడం.
* '''మూల రూపాన్ని దాచడం''': మార్పిడి చేసిన తరువాత కూడా అసలు ఫైలును భద్రపరిస్తే తప్పు ఎక్కడ దొర్లిందో తెలుసుకోవచ్చు.
* '''నోటీసు, విచారణ''': పోలిక ఫలితాన్ని తుది నిర్ణయంగా కాక అనుమానంగా మాత్రమే చూడడం, కార్డు తొలగించకముందే ఆ ఇంటివారి మాట వినడం.

'''ఇవి కూడా చూడండి'''

* సమగ్ర కుటుంబ సర్వే
* జాతీయ ఆహార భద్రత చట్టం, 2013
* మీసేవ
* యూనికోడ్
* బీర్‌పూర్ మండలం