రెండు గీతల పోలిక

ఒకే నదిని ఇద్దరు వేరువేరుగా కొలిచి పటములు గీసినచో, ఆ రెండు గీతలు అచ్చముగా ఒకటి కావు. ఒకదానిపై నొకటి పరచి చూచి, ‘ఇంచుమించు ఒకటే’ యని కన్ను చెప్పును. ఆ ఇంచుమించు ఎంత? పటములు కంప్యూటరులోనికి చేరినపిదప దీనికి అంకెతో బదులు చెప్పక తప్పలేదు. ఆ బదులు కంప్యూటరుకు మునుపే సిద్ధమై యుండుట విశేషము.

ఫ్రాన్సులో మోరిస్ ఫ్రెషే 1906 నాటి తన సిద్ధాంత వ్యాసమున వక్రరేఖల నడుమ దూరమును నిర్వచించెను. జర్మనీలో ఫెలిక్స్ హౌస్‌డోర్ఫ్ 1914లో వెలువడిన తన సమితివాద గ్రంథమున మరియొక కొలతను నిలిపెను. వీరు పటములకొరకు చేసిన పని కాదది; శుద్ధ గణితము. ఫ్రెషే 1973 వరకు జీవించెను. యూదుడైన హౌస్‌డోర్ఫునకు ఆ భాగ్యము లేదు. నిర్బంధ శిబిరమునకు తరలించు ఆజ్ఞ రాగా, 1942 జనవరి 26న బాన్ నగరమున భార్యతోను, ఆమె సోదరితోను కలిసి ప్రాణములు తీసికొనెను.

ఆయన కొలత తేలికయే. మొదటి గీతలోని ప్రతి బిందువునుండి రెండవ గీత ఎంత చేరువనున్నదో చూచి, ఆ దూరములలో పెద్దదానిని గ్రహింతుము. రెండవ గీతనుండియు అట్లే చేయుదుము. రెంటిలో అధికమైనదే కొలత. అయితే నడక వరుస దీనికి పట్టదు. ఒక కొండవాలును ఒక బాట అడ్డముగా, మరియొకటి నిలువుగా దగ్గర దగ్గర మెలికలు తిరుగుచు నింపినదని ఊహింతము. ఎచ్చట నిలిచినను రెండవ బాట చేరువనే యుండును. కొలత స్వల్పము; బాటలు మాత్రము వేరు.

ఫ్రెషే కొలతను వివరించుటకు కుక్కను తెత్తురు. ఒక గీతపై మనిషి, రెండవదానిపై అతని కుక్క మొదటినుండి చివరకు నడతురు. వేగము వారి యిష్టము. ఆగవచ్చును, వెనుకకు మరలరాదు. నడుమ త్రాడు కనీసమెంత పొడవుండవలెనో అదియే దూరము. మా దృష్టిలో సూత్రములకన్న ఈ కుక్కయే మంచి ఉపాధ్యాయుడు.

నిర్వచించుట వేరు, లెక్కించుట వేరు. తునకలుగా విరిగిన గీతలకు ఈ దూరమును కనుగొను పద్ధతిని హెల్ముట్ ఆల్ట్, మైకేల్ గొడావు 1995లో ప్రకటించిరి. పదేండ్లకు, 2005లో, వాహనముల ఉపగ్రహ జాడలను రోడ్ల పటముతో జతపరచుటకు కొందరు పరిశోధకులు దానిని వినియోగించిరి. రోడ్డునకు వరుసయే ప్రాణము గనుక అచ్చట ఫ్రెషేదే పైచేయి. చెదరిన దీవుల గుంపునకు నడక వరుసయే లేదు. హౌస్‌డోర్ఫు కొలత చాలును. అయినను జాడలో ఒక్క బిందువు తప్పుగా దూరమునకు ఎగిరిపడినచో రెండు కొలతలును ఒక్కసారిగా పెరిగిపోవును. కనుక అట్టి బిందువులను ఏరివేసిన పిమ్మటనే గీతలను పోల్చుట మేలు.