సూరత్ జాబులకు రెండు దారులు

ఇంట్లో రెండు ఇంటర్నెట్ కనెక్షన్లు పెట్టించి కలిపేస్తే వేగం రెట్టింపవుతుందన్నది చాలామంది నమ్మకం. అందులో నిజమెంతో తేల్చుకోవడానికి రౌటర్ల కన్నా ముందు సూరత్ పాత చరిత్ర చూడటం మేలు. 17వ శతాబ్దంలో ఈ రేవు నుంచి లండన్‌కు కబురు పంపాలంటే ముఖ్యంగా రెండు దారులు. ఒకటి ఆఫ్రికా కొసను చుట్టి వెళ్లే ఓడదారి. రెండోది పర్షియన్ సింధుశాఖ దాకా ఓడ, బస్రా నుంచి అలెప్పో దాకా ఎడారి బిడారు, ఆపైన మధ్యధరా సముద్రం. 1613లో సూరత్‌లో కొఠీ పెట్టిన ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ ముఖ్యమైన జాబులకు నకళ్లు రాయించి, ఒకటి ఓడలో, మరొకటి మెట్టదారిన పంపేది. ఓడ మునిగినా, బిడారును దొంగలు దోచినా కబురు మాత్రం చేరాలన్నది లెక్క. రెండు దారులున్నాయి కదా అని ఏ జాబూ తన దారిలో ఒక్క రోజు ముందుగా నడవలేదు. రెండింటిలో ముందు చేరిన నకలు పని జరిపించేది. వెనక వచ్చినది దస్తరంలో పడి ఉండేది. కొఠీకి దక్కిన లాభం భరోసా, దాంతోపాటు ఆలస్యమయ్యే ప్రమాదం కాస్త తగ్గడం.

అసలు వేగం ఎక్కణ్ణుంచి వచ్చేదో ఫ్రెంచి నగల వర్తకుడు తావెర్నియే రాతల్లో దొరుకుతుంది. సూరత్ నుంచి గోల్కొండకు పలుమార్లు ప్రయాణించినవాడు కాబట్టి ఆయన మాటకు విలువుంది. ఈ దేశంలో గుర్రపు రౌతు కన్నా కాలినడక తపాలా బంటే త్వరగా చేరతాడని ఆయన రాశాడు. దారి పొడవునా ప్రతి రెండు లీగులకూ ఒక గుడిసె. పరుగున వచ్చిన బంటు ఉత్తరాన్ని రెండోవాడి చేతికి ఇవ్వడు, అది అపశకునమట, గుడిసెలోకి విసిరేస్తాడు. లోపలివాడు దాన్ని తీసుకుని వెంటనే పరుగందుకుంటాడు. చెట్లు లేని చోట అక్కడక్కడా రాళ్ల కుప్పలు ఉండేవి. చీకటి రాత్రి, వానలో కూడా దారి తప్పకుండా దగ్గర ఊళ్లవాళ్లు వాటికి సున్నం కొట్టాలి. ఇక్కడ వేగం పెంచింది రెండో దారి కాదు. ఉన్న ఒక్క దారి మీదే ఆగకుండా సాగే అంచెల ఏర్పాటు. మచిలీపట్నంలో 1611 నుంచి ఉన్న ఇంగ్లిష్ కొఠీకీ సూరత్‌కూ నడుమ కబుర్లు మోసినవీ మనుషుల కాళ్లే.

ఇప్పుడు నేటి సూరత్‌లో, లింబాయత్ ప్రాంతంలోని ఒక ఇంటికి వద్దాం. అక్కడ మరమగ్గాల మీద బతికే తెలంగాణ పద్మశాలీ కుటుంబాలు చాలానే ఉన్నాయి. చెరో 100 ఎంబీపీఎస్ లైన్లు రెండు, వాటిని పంచే రౌటరు ఒకటి ఉన్నాయనుకోండి. తల్లి కరీంనగర్‌లోని అమ్మమ్మతో వీడియోలో మాట్లాడుతుంటే అది ఒక లైను మీద, కొడుకు చూసే సినిమా రెండో లైను మీద నడుస్తాయి. ఇద్దరికీ ఇరుకు తగ్గుతుంది, నిజమే. కానీ ఒకే కనెక్షన్ మీద దిగే పెద్ద ఫైలు ఏదో ఒక లైనునే పట్టుకుని వస్తుంది, దాని వేగం 100 దాటదు. మరి స్పీడ్ టెస్టులో 200 చూపిస్తోందేమని అడగవచ్చు. ఆ పరీక్ష ఒకేసారి పలు కనెక్షన్లు తెరిచి అన్నిటినీ కూడి చెబుతుంది. సంఖ్య అబద్ధం కాదు, అది కొలిచింది వేరు.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఒకటుంది. రెండు దారులను నిజంగా కలిపి ఒకటిగా వాడినవాళ్లు లేరా? ఉన్నారు. ఐఎస్‌డీఎన్ టెలిఫోన్ లైన్‌లో 64 కేబీపీఎస్ చానెళ్లు రెండు ఉండేవి. 1994లో ప్రమాణంగా రాసిన మల్టీలింక్ పద్ధతితో వాటిని కలిపి 128 తీసేవారు. అయితే ఆ రెండు చానెళ్లూ ఒకే రాగితీగ మీద, ఒకే ఎక్స్ఛేంజికి వెళ్లేవి. అవతల ముక్కలను వరసపెట్టి అతికేవాడు సిద్ధంగా ఉండేవాడు. వేర్వేరు కంపెనీల లైన్లకు అలాంటివాడు ఉండడు. ఎక్కడో అద్దెకు సర్వరు తీసుకుని మనమే ఆ పని పెట్టాలి. పెట్టినా, బ్రిటిష్ కాలంలో కరెన్సీ నోటును రెండుగా కోసి వేర్వేరు తపాలాల్లో పంపినప్పటి చిక్కే ఎదురవుతుంది. దొంగల భయంతో చేసిన ఏర్పాటు అది. రెండో సగం అందేదాకా మొదటి సగం చెల్లదు. ముక్కలు చేసి పంపినప్పుడు చురుకైన దారి మందకొడి దారి కోసం కాచుకుని కూర్చుంటుంది. నకళ్లు పంపితే ముందు వచ్చినదానిదే గెలుపు, ముక్కలు పంపితే ఆఖర్న వచ్చినదానిదే పెత్తనం. ఈ తేడాను ప్రకటనలు చెప్పవు.

అలాగని రెండో లైను దండగ అనడం లేదు. అది నిజంగా రెండో దారి కావాలి, అంతే. ఒకే స్తంభం మీద వేలాడే రెండు కంపెనీల తీగలు బిల్లులో రెండు, వానలో ఒకటే. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీటితో తాపీ నది పొంగి సూరత్‌లో చాలా భాగాన్ని ముంచినప్పుడు, అడుగున ఉన్న తీగ ఏ కంపెనీదని వరద చూడలేదు. సముద్రంలోనూ అదే కథ. 2008 జనవరి 30న ఫ్లాగ్, సీమీవీ-4 అనే రెండు వేర్వేరు కేబుళ్లు అలెగ్జాండ్రియా దగ్గర ఒకే రోజు తెగిపోతే, పడమటి దిక్కుగా సాగే భారతదేశపు ఇంటర్నెట్‌లో పెద్ద భాగం కుంటుపడింది. అప్పుడు కంపెనీలు ట్రాఫిక్‌ను తూర్పుకు మళ్లించి, పసిఫిక్ మీదుగా చుట్టుదారిన పంపాయి. నెమ్మదిగానైనా కబుర్లు చేరాయి.