ఎంబిరా శ్రుతి

శ్రుతిని తల్లిగాను, లయను తండ్రిగాను భావించుట మన సంగీత సంప్రదాయము. శ్రుతి కుదరని పాటను మనము వినజాలము. కాని శ్రుతి కుదురుట యనగా నేమి? ఒక జాతి చెవికి కుదిరిన శ్రుతి వేరొక జాతి చెవికి అపశ్రుతిగా తోచుట కలదా? కలదనియే ఆఫ్రికా ఖండమందలి ఒక చిన్న వాద్యము చరిత్ర చెప్పుచున్నది. దాని పేరు ఎంబిరా.

ఒక చెక్కపలక, దానిపై వరుసగా బిగించిన ఇనుపరేకులు - ఇంతియే ఆ వాద్యము. రేకుల కొసలను బొటనవ్రేళ్ళతో మీటుదురు. ఇట్టి వాద్యములు ఆఫ్రికాలో అనేక ప్రాంతములందు వేర్వేరు పేర్లతో కలవు. వానిలో జింబాబ్వే దేశపు షోనా ప్రజల ఎంబిరా మిక్కిలి ప్రసిద్ధము. అది నిన్న మొన్నటిది కాదు. 1586లో ఆగ్నేయాఫ్రికా తీరమునకు వచ్చిన జోవావ్ దోస్ సాంతోస్ అను పోర్చుగీసు సన్యాసి, తాను విన్న తొమ్మిది రేకుల వాద్యమును 1609లో అచ్చయిన తన గ్రంథమున వర్ణించెను. వాదకులు దానికై బొటనవ్రేలి గోళ్ళు పెంచుకొందురనియు, దాని నాదము మృదువుగా నుండుననియు ఆయన వ్రాసెను.

షోనాల పెద్ద ఎంబిరాకు 22 మొదలు 25 వరకు రేకులుండును. ఎడమ ప్రక్క రెండు వరుసలు, కుడి ప్రక్క ఒక వరుస. రెండు బొటనవ్రేళ్ళు రేకులను క్రిందికి నొక్కి విడుచుచుండగా, కుడిచేతి చూపుడువ్రేలు క్రిందినుండి పైకి మీటును. నాదము పెరుగుటకై వాద్యమును పెద్ద సొరబుర్రలో నిలుపుదురు. పలకకును బుర్రకును పూర్వము నత్తగుల్లలను, ఇటీవల సీసామూతలను తగిలింతురు. ప్రతి స్వరముతోను అవి జీరగా మ్రోగును. క్రొత్తగా వినువారు దానిని దోషమనుకొందురు. మన తంబురా గుర్రముపై తంతి క్రింద దారపుపోగు నుంచి జీవాళి పలికించుట ఎరిగిన మనకు మాత్రము అది వింత కారాదు. జీర లేని ఎంబిరా షోనాలకు జీవము లేనిది.

ఇక శ్రుతి చేయు విధము. రేకు కంపించు భాగము పొట్టిదైన స్వరము హెచ్చును, పొడవైన తగ్గును. కావున రేకును ముందుకు వెనుకకు జరిపి శ్రుతి చేయుదురు. అది చాలనిచో ఆకురాయితో అరగదీయుదురు, లేదా కొసకు తేనెమైనము అంటించి బరువు పెంచుదురు. తంతి మ్రోగునపుడు దాని మూలస్వరముతో పాటు రెండింతలు, మూడింతలు కంపనములు గల అతిస్వరములు పొత్తుగా వినబడును. రేకు అట్టిది కాదు. దాని తొలి అతిస్వరమే మూలస్వరమునకు సుమారు రెండున్నర స్థాయిల పైన పలుకును, మూలముతో చక్కగా కలియదు. ఆ గంటవంటి ఛాయ దానివలననే వచ్చును.

స్థాయికి ఏడు స్వరములు. ఆ సంఖ్య మనకు పరిచితమే. కాని వాని నడుమ దూరములు వేరు. స్థాయిని 1200 సెంట్లుగా విభజించినచో, పియానో మెట్లపై పలుకు శంకరాభరణమున ఒక స్వరమునుండి మరియొకదానికి 200 సెంట్లు గాని, 100 సెంట్లు గాని దూరముండును. గాంధార మధ్యమములును, నిషాద పై షడ్జములును దగ్గరగా నుండును. పెక్కు ఎంబిరాలలో ఇట్టి దగ్గరితనము లేదు. ఏడు మెట్లును ఇంచుమించు సమానములు. ఒక్కొక్కటి సుమారు 171 సెంట్లు. అదియు నియమము కాదు. వాద్యము చేయువాడు తన గురువునొద్ద విన్న శ్రుతినే తానును కుదుర్చును. ఊరికి ఊరు, ఇంటికి ఇల్లు వేరుగా నుండవచ్చును. అది అజ్ఞానము కాదు, వారసత్వము.

ఆ వారసత్వమునకు వారి జీవితములో పెద్ద చోటున్నది. ‘బీరా’ అను రాత్రి జాగరణలో ఎంబిరాలు, గింజల గిలకలు తెల్లవారువరకు మ్రోగును. ఆ పాటలు విని పితృదేవతలు వత్తురని వారి విశ్వాసము. ఒకడు మొదటి వరుస నెత్తుకొనగా వేరొకడు దాని సందులలో తన స్వరములను ఇముడ్చును. రెండు వాద్యములు ఒక్క శ్రుతిలో లేనిచో ఈ అల్లిక పొసగదు. క్రైస్తవ మిషనరీలలో పెక్కురు ఎంబిరాను నిరసించుటకు ఈ ఆరాధనాసంబంధమే కారణము.

ఇరువదవ శతాబ్దమున ఇంకొక మార్పు వచ్చెను. 1903లో ఇంగ్లండున జన్మించిన హ్యూ ట్రేసీ దక్షిణ రొడీషియాకు వచ్చి, పల్లెపల్లె తిరిగి పాటలను రికార్డు చేసెను. శ్రుతిదండములను వెంటబెట్టుకొని వాద్యముల శ్రుతులను కొలిచి వ్రాసి యుంచెను. 1954లో ఆయన స్థాపించిన అంతర్జాతీయ ఆఫ్రికా సంగీత గ్రంథాలయము ఆ నిధిని నేటికిని కాపాడుచున్నది. అయినను ఆయనయే 1950 దశకమున ‘కలింబా’ అను పేర ఒక వాద్యమును తయారుచేయించి పాశ్చాత్య మేజరు స్కేలులో శ్రుతి చేయించెను. పాత శ్రుతులను భద్రపరచిన చేతులే క్రొత్త శ్రుతిని లోకమునకు పంచినవి! కలింబా వలన ఎంబిరా జాతి వాద్యములు ఎల్లెడల పరిచితమైన మాట నిజము. నేడు మన అంగళ్ళలో దొరకు 17 రేకుల కలింబాలు కూడ సాధారణముగా ఆ స్కేలులోనే యుండును. దానిని మీటిన బాలుడు ఆఫ్రికా వాద్యమును చూచినాడు. ఆ షోనా శ్రుతిని మాత్రము వినలేదు.

ఈ చిక్కు మనకును తెలిసినదే. హార్మోనియపు స్థిరస్వరములు మన గమకములకు ఒదుగవను వాదముతోనే ఆలిండియా రేడియో 1940లో దానిని బహిష్కరించెను. 1971లో ఆ కట్టు సడలెను. మన శ్రుతులకై మనము అంతగా వాదించుకొన్నవారము. ఇతరుల శ్రుతుల విషయమున అంత శ్రద్ధ చూపుట న్యాయము.

జింబాబ్వే, మలావి దేశముల ఎంబిరా నిర్మాణ వాదనకళను 2020లో యునెస్కో మానవజాతి వారసత్వముగా గుర్తించినది. గుర్తింపు మేలే. కాని శ్రుతి పత్రములలో బ్రతుకదు, చెవిలో బ్రతుకును. ఎప్పుడేని ఎంబిరా వినవచ్చినపుడు మన మేళకర్తలను కాసేపు ప్రక్కన నుంచి విందము. తొలుత అపశ్రుతిగా తోచినది, నాలుగు ఆవృత్తములు గడచునప్పటికి తనదైన శ్రుతిగా మన చెవికి నిలుచును.