మిలటరీ మాధవరం

మాధవరం ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములోని పశ్చిమ గోదావరి జిల్లా, తాడేపల్లిగూడెం మండలానికి చెందిన గ్రామము. తరతరాలుగా ఈ ఊరినుండి అనేకులు సైన్యములో చేరుతూ వచ్చినందున దీనికి మిలటరీ మాధవరం అను పేరు స్థిరపడినది. దేశసేవ చేసిన సైనికుల పట్ల కృతజ్ఞత ఒక ఊరి జీవితంలో ఎలా నిలిచి ఉంటుందో తెలుసుకొనుటకు ఈ గ్రామం మంచి ఉదాహరణ.

చరిత్ర

స్థానిక కథనం ప్రకారం గజపతి పాలకుడైన మాధవ వర్మ పేరుమీద ఈ ఊరికి మాధవరం అను పేరు వచ్చినది. సమీపంలోని ఆరుగొలను కోట రక్షణకు విజయనగరం, బొబ్బిలి ప్రాంతాలనుండి వచ్చిన సైనికుల కుటుంబాలు ఇక్కడ స్థిరపడినవని చెప్పుకుంటారు.

19వ శతాబ్దం చివరి భాగంలో బ్రిటిషు ప్రభుత్వం "యుద్ధ జాతులు" అను సిద్ధాంతాన్ని అనుసరించి ఉత్తర భారతీయులకు ప్రాధాన్యమిచ్చినది. దానివలన మద్రాసు సైన్యంలో తెలుగువారి చేరిక బాగా తగ్గిపోయినది. అయినా మాధవరంలో సైనిక వృత్తి ఆగలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ ఊరినుండి 90 మంది, రెండవ ప్రపంచ యుద్ధంలో 1,110 మంది పాల్గొన్నారని గ్రామస్థుల లెక్క. రెండవ యుద్ధకాలంలో భారత సైన్యం సుమారు 25 లక్షల మందికి పెరిగినది. ఒక్క ఊరినుండి అంతమంది వెళ్ళిన నేపథ్యం ఇది. స్వాతంత్ర్యానంతరం కూడా ఈ ఆనవాయితీ కొనసాగినది. సుబేదారు, మేజరు, కెప్టెన్ వంటి హోదాలను పిల్లలకు ముద్దుపేర్లుగా పెట్టుకొనుట కూడా ఇక్కడ ఉన్నది.

స్మారక స్తూపం

మాధవరంలో యుద్ధాలలో మరణించిన సైనికుల జ్ఞాపకార్థం ఢిల్లీలోని అమర్ జవాన్ జ్యోతి నమూనాలో ఒక స్తూపాన్ని నిర్మించారు. 1971 యుద్ధం తరువాత, 1972 జనవరి 26న ఇండియా గేటు వద్ద వెలిగించిన అమర్ జవాన్ జ్యోతిని 2022 జనవరి 21న జాతీయ యుద్ధ స్మారకంలోని జ్యోతిలో కలిపారు. మాధవరం స్తూపం మాత్రం పాత రూపంలోనే ఆ జ్ఞాపకాన్ని నిలుపుతున్నది.

మాజీ సైనికులకు గుర్తింపు

మరణించినవారికి స్తూపం ఉన్నది; తిరిగివచ్చినవారికి కావలసినది పింఛను, వైద్యం, ఉపాధి. ప్రతి సంవత్సరం డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం జరుపుతారు. 1949లో మొదలైన ఈ దినాన ప్రజలు చిన్న జెండాలు స్వీకరించి విరాళాలిస్తారు. జెండాలోని ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగులు సైన్య, నౌకా, వైమానిక దళాలకు గుర్తులు. ఈ నిధిని యుద్ధ వితంతువుల, మాజీ సైనికుల సంక్షేమానికి వినియోగిస్తారు. ఫీల్డ్ మార్షల్ కరియప్ప 1953లో పదవీ విరమణ చేసిన జనవరి 14వ తేదీని మాజీ సైనికుల దినంగా పాటిస్తారు. సాధారణంగా ఇది భోగి లేదా సంక్రాంతి పండుగతో కలిసివస్తుంది.

మాజీ సైనికుల వైద్యానికి ప్రత్యేక ఆరోగ్య పథకం 2003 ఏప్రిల్ నుండి ఉన్నది. ఒకే హోదా, ఒకే సర్వీసు గలవారు ఎప్పుడు విరమించినా ఒకే పింఛను ఇవ్వాలను కోరికను ప్రభుత్వం 2015లో అంగీకరించి, 2014 జూలై 1 నుండి అమలు చేసినది.

అగ్నిపథ్ తరువాత

2022 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన అగ్నిపథ్ పథకం క్రింద చేరినవారు నాలుగేళ్ళు పనిచేస్తారు. వారిలో 25 శాతం వరకు మాత్రమే తరువాతి సేవకు ఎంపికౌతారు. మిగిలినవారికి సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధి లభిస్తుంది, పింఛను ఉండదు. ఇంటింటా పింఛనుదారులుండే మాధవరం వంటి ఊళ్ళకు ఇది పెద్ద మార్పు. ఇంతవరకు సైనికుని సేవకు దేశం చెల్లించే కృతజ్ఞత జీవితాంతం అందే పింఛను రూపంలో ఉండేది. నాలుగేళ్ళకే ఇల్లు చేరే యువకునికి అది ఏ రూపంలో అందాలన్నది ఇప్పుడు చర్చనీయాంశమైనది.